డైట్ చార్ట్ అయిపోయాక కంచంలో ఎంత?

బరువు తగ్గే దారి చూపేవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కడ చూసినా జిమ్ బోర్డులే, ఎవరి ఫోన్ చూసినా ఏదో ఒక డైట్ చార్టే. పొద్దున ఉడికించిన గుడ్లు, మధ్యాహ్నం అన్నానికి బదులు కీరా, క్యారెట్ ముక్కలు, రాత్రి రెండు పుల్కాలు. ఇలా ఆరేడు నెలలు పట్టుదలగా నిలబడి అనుకున్న బరువుకు చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. అసలు చిక్కు ఆ మర్నాడు మొదలవుతుంది. చార్ట్ ఆఖరి వారంతో ఆగిపోతుంది. ఇక మీదట ఎంత తినాలి, ఏది ముందు పెంచాలి, పెంచితే ఏమవుతుంది అనే ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు.

అక్కడ కొందరు డైట్ అయిపోయిందనుకుని పాత కంచానికి తిరిగి వెళ్లిపోతారు. మరికొందరు భయపడి అదే చార్ట్‌ను పట్టుకుని కూర్చుంటారు. అన్నం గిన్నె చూస్తే టెన్షన్, అరటిపండు తిన్నా టెన్షన్. ఈ రెండో రకం వాళ్ల గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. పైకి అది క్రమశిక్షణలా కనిపిస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. కానీ నెలల తరబడి చాలీచాలని తిండి మీద ఉన్న మనిషి ఏదో ఒక పెళ్లిలోనో, ఏదో ఒక అర్ధరాత్రో ఆపుకోలేక తినేస్తారు. ఆ మర్నాడు సిగ్గుతో పస్తుంటారు. మళ్లీ వారానికి అదే జరుగుతుంది. చూడడానికి ఇవి వేర్వేరు దారులే అయినా, చాలాసార్లు ఒకే మనిషి ముందు భయపడి, తర్వాత అలసిపోయి, చివరికి పాత బరువుకే చేరతారు. తిండి తగ్గించడం నేర్పినంత ఓపికగా దాన్ని తిరిగి పెంచడం కూడా నేర్పాల్సింది.

ముందు లెక్క చూద్దాం. ఈ భయంలో సగం లెక్క తెలియకపోవడం వల్ల వచ్చేదే.

ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. డైట్ చివరి నెలలో వారానికి అరకిలో చొప్పున తగ్గుతూ ఉంటే, రోజుకు 550 కేలరీలు తక్కువగా తింటున్నట్టు. పావుకిలో చొప్పున తగ్గుతుంటే 275 తక్కువ. బరువు నిలబడాలంటే ఆ లోటు పూడితే చాలు. నెల రోజులుగా మిషన్ మీద అంకె కదలకుండా ఉంటే మాత్రం, ఇప్పుడు తింటున్నదే దాదాపుగా బరువును నిలబెట్టే తిండి. అలాంటప్పుడు పెంచాల్సింది చాలా కొద్ది.

ఉదాహరణకు 72 కిలోల నుంచి 63కు వచ్చిన ఒక గృహిణిని తీసుకుందాం. డైట్‌లో రోజుకు 1,300 కేలరీలు తింటున్నారు, చివర్లో వారానికి పావుకిలో తగ్గుతున్నారు. ఆమె బరువు నిలబడే తిండి 1,575 కేలరీల దగ్గర ఉంటుంది. ఇంట్లో గ్లాసుతో, గరిటెతో కొలుస్తారు కాబట్టి ఆ 1,300 నిజానికి 1,450 కావచ్చు. దానికి కంగారు పడనక్కర్లేదు. కావాల్సింది అసలు అంకె కాదు, తేడా. నిన్నటిదాకా ఏ గ్లాసుతో కొలిచారో రేపూ అదే గ్లాసుతో కొలిస్తే, పొరపాటు రెండు వైపులా సమానంగా ఉండి దానంతటదే పోతుంది. యాప్‌లో ఎత్తు, బరువు, వయసు కొడితే వచ్చే అంకె కంటే సొంత శరీరం చివరి నెలలో చూపించిన ఈ లెక్కే నమ్మదగ్గది.

275 కేలరీలు వంటింటి లెక్కలో ఎంత? వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. అంటే డైట్ కంచానికి 200 గ్రాముల అన్నం కలిపితే ఇంచుమించు లోటు పూడుతుంది. లేదంటే ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు, ఓ చిన్న కప్పు పెరుగు. ఆరు నెలలుగా వణికించిన తేడా ఇంతే. ఇందులో ఊరట ఉంది, హెచ్చరికా ఉంది. అన్నానికి కంచంలో చోటు ఉందని తెలియడం ఊరట. ఆ చోటు ఒక కప్పుకు మించదని తెలియడం హెచ్చరిక.

72 కిలోలున్నప్పుడు ఆమెకు రోజుకు 1,800 కేలరీల దాకా సరిపోయి ఉంటాయి. ఇప్పుడు అన్ని అక్కర్లేదు, ఎందుకంటే మోయాల్సిన ఒళ్లే తగ్గింది. మెట్లెక్కినా, నడిచినా, ఊరికే కూర్చున్నా 63 కిలోల శరీరం 72 కిలోల శరీరం కంటే తక్కువే ఖర్చు చేస్తుంది. పాత తిండికీ కొత్త తిండికీ తేడా 225 కేలరీలు. సాయంత్రం ఒక ఇరానీ చాయ్, దాంతో రెండు మూడు ఉస్మానియా బిస్కెట్లు ఇంచుమించు అంతే. డైట్ చేస్తున్నప్పటి తిండికీ పాత తిండికీ నడుమ ఉండే ఈ సన్నని మెట్టు మీద నిలబడడమే బరువు నిలబెట్టుకోవడం.

ఇక మొదటి రెండు వారాలు. అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పుకోవాలి.

అన్నం పెంచిన మూడో రోజు మిషన్ ఎక్కితే కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. గుండె జారిపోతుంది. 'నా ఒంటికి అన్నం పడదు' అని ఆ రోజే నిర్ణయించుకుని మళ్లీ కీరా ముక్కలకు వెళ్లిపోయేవాళ్లు ఎందరో. కానీ ఆ కిలోన్నర కొవ్వు కాదు. మనం తిన్న పిండి పదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. మామూలు మనిషి ఒంట్లో ఇది సుమారు 500 గ్రాములు. ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. డైటింగ్‌లో ఈ నిల్వ సగం ఖాళీ అవుతుంది, అన్నం, రొట్టె బాగా మానేసినవాళ్లలో ఇంకా ఎక్కువ. మళ్లీ పిండి పదార్థం అందగానే నిల్వ నిండుతుంది, దాంతో పాటే నీరూ చేరుతుంది. డైట్ మొదలుపెట్టిన తొలి వారంలో రెండు కిలోలు ఇట్టే తగ్గాయని సంబరపడ్డది కూడా చాలావరకు ఈ నీటినే. అప్పుడు పోయిన నీరే ఇప్పుడు వెనక్కి వస్తోంది.

కొబ్బరి నూనె, నిమ్మకాయలతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటా వినిపించిన వీఆర్‌కే డైట్ లాంటివి, కీటో పద్ధతులు పాటించి మానేసినవాళ్లలో ఈ గెంతు మరీ పెద్దగా కనిపిస్తుంది. వాళ్లు పిండి పదార్థాన్ని దాదాపు పూర్తిగా పక్కన పెట్టి ఉంటారు కదా. 'ఒక్క రోజు అన్నం తింటే రెండు కిలోలు పెరిగా' అని వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, మిషన్ నిజంగానే అలా చూపిస్తుంది. దానికి అర్థం చెప్పుకోవడంలోనే పొరపాటు.

దీనికి ఉప్పు కూడా తోడవుతుంది. ఆవకాయ, పచ్చిపులుసు, బయటి బిర్యానీ తిన్న మర్నాడు ఒళ్లు నీరు పట్టుకుంటుంది. కడుపులో, పేగుల్లో ఉన్న ఆహారానికీ బరువు ఉంటుంది. ఆడవాళ్లలో నెలసరికి ముందు కిలో, అంతకంటే ఎక్కువ తేడా రావడం మామూలే. అనుమానం తీరకపోతే గుణించి చూసుకోవచ్చు. రాత్రికి రాత్రి కిలోన్నర కొవ్వు పెరగాలంటే ఆ రోజు ఖర్చుకు మించి 11,550 కేలరీలు తినాలి. ఒక ప్లేటు బిర్యానీ వెయ్యి కేలరీలనుకున్నా, మామూలు భోజనం మీద ఇంకో పదకొండు, పన్నెండు ప్లేట్లు. ఎవరి వల్లా కాదు.

అందుకే మొదటి రెండు వారాల అంకెలను పట్టించుకోకుండా, మూడో వారం సగటును కొత్త ప్రారంభంగా తీసుకోవాలి. 63కు చేరాలనుకున్నవాళ్లు 62 దాకా తగ్గి ఆపితే, నీరు చేరాక 63 దగ్గర నిలుస్తారు. డైట్ మొదట్లోనే ఈ మాట చెబితే ఎంతో కంగారు తప్పుతుంది.

తిండిని ఒకేసారి పెంచాలా, కొంచెం కొంచెంగానా? జిమ్‌లలో 'రివర్స్ డైట్' అనే మాట బాగా నడుస్తోంది. వారానికి 50, 100 కేలరీల చొప్పున పెంచుకుంటూ పోతే మందగించిన మెటబాలిజం మళ్లీ వేగం అందుకుంటుందని, చివరికి ఎంత తిన్నా బరువు పెరగదని చెబుతారు. ఇంత పెద్ద మాటకు గట్టి రుజువు లేదు. తిండి పెరిగితే ఒంట్లో హుషారు వచ్చి కదలిక కాస్త పెరగడం నిజమే, అయినా 63 కిలోల శరీరం 72 కిలోల శరీరంలా ఖర్చు చేయదు. అయితే మెల్లగా పెంచడంలో వేరే మేలు ఉంది. భయపడే మనిషికి ధైర్యం కూడగట్టుకునే సమయం దొరుకుతుంది, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో కళ్లకు కనిపిస్తుంది. లోటు 275 అయితే మూడు వారాల్లో పూడ్చేయొచ్చు. 550, అంతకు మించి ఉంటే నాలుగైదు వారాలు. అంతకంటే సాగదీస్తే పెంచుతున్నామనే పేరుతో ఇంకో రెండు నెలలు డైట్ చేసినట్టే అవుతుంది.

ఇక ఆకలి. బరువు తగ్గిన మనిషికి ఆకలి ఎక్కువ, దాన్ని మనసు బలహీనత అనడం అన్యాయం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన లెక్క దీన్ని తేటగా చూపిస్తుంది. తగ్గిన ఒక్కో కిలోకు శరీరం ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు పడిపోతే, తినాలనే కోరిక సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. మన ఉదాహరణలోని గృహిణి 9 కిలోలు తగ్గారు. ఆమె ఆకలి పాత తిండి కంటే కూడా ఎక్కువ అడుగుతుంది, ఆమె తినగలిగింది మాత్రం పాత తిండి కంటే తక్కువ. ఈ లాగులాట రోజూ ఉంటుంది. బయటివాళ్లకు కనిపించదు.

ఇది డైట్ ఆపిన వారానికే సర్దుకునేది కూడా కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల కఠినమైన డైట్‌తో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షించినా ఆకలిని పెంచే గ్రెలిన్, తృప్తిని తెలిపే లెప్టిన్ వంటి హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను 24 వారాలు అరకొర తిండి మీద ఉంచి చూశారు. వాళ్లు బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. తిండి పెంచాక కూడా, కడుపు నిండినా ఆకలి తీరడం లేదని చాలామంది అన్నారు. వాళ్లు ముందే సన్నటివాళ్లు, వాళ్ల పస్తు మామూలు డైటింగ్ కంటే ఎంతో తీవ్రమైనది. అయినా తిండి గురించే రోజంతా ఆలోచన, వంటల మీద విపరీతమైన ఆసక్తి, చిరాకు వంటి లక్షణాల గురించి చదువుతుంటే గట్టి డైట్ చేసిన ఎవరికైనా తమ సంగతే గుర్తొస్తుంది.

ఈ ఆకలితో బతకాల్సిన మనిషికి, పెంచే ఆ కాసిని కేలరీలను ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న. జవాబు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్‌ఐఎన్ అనేది, 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల నమూనా కంచం ఉంది. అందులో బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు. మన ఇళ్లలో అది చాలా తేలిగ్గా 60 దాటుతుంది. మనం కంచం నిండా అన్నం పెట్టుకుని కూరను నంజుకున్నట్టు తింటాం. పప్పు ఉంటుంది కానీ చాలాసార్లు పప్పుచారే, గరిటె తిప్పితే నీళ్లే.

కాబట్టి మొదటి వారం పెంపును పప్పు, గుడ్డు, చేప, పెరుగు మీద పెట్టడం మంచిది. ప్రొటీన్ తృప్తినిస్తుంది, డైట్‌లో కొంత కరిగిన కండకూ కావాలి. సాధారణ ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములని భారత వైద్య పరిశోధన మండలి సిఫార్సు. 63 కిలోలకు ఇది 52 గ్రాములు. పెరుగన్నంతో, పప్పుచారుతో రోజు గడిపేసేవాళ్లకు ఇదీ అందదు. రెండో వారం నుంచి అన్నం గానీ జొన్నరొట్టె గానీ పెంచాలి, అదీ మధ్యాహ్నం, నలుగురి మధ్య కూర్చుని తినేటప్పుడు. అన్నాన్ని ఎప్పటికీ శత్రువుగా చూస్తూ తెలుగు ఇంట్లో బతకడం సాధ్యం కాదు. మానేసిన అన్నాన్ని కొలతతో తిరిగి కంచంలోకి తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ కాలం నిలబడతారు.

చివరగా ముట్టుకోవాల్సింది నూనె. గ్రాముకు 9 కేలరీలు, కంటికి ఆనదు. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 120 కేలరీలు, అంటే మన లెక్కలో దాదాపు సగం పెంపు. ఇంట్లో వండుకుంటే పట్టు ఉంటుంది. కానీ ఈ నగరంలో ఎన్నో ఇళ్లలో రాత్రి అన్నం మాత్రమే కుక్కర్‌లో పెట్టి, కూర వీధి చివర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటారు. కవర్ విప్పి గిన్నెలో పోస్తే పైన తేలే నూనెను వంచేసినా లోపలిది కూరలోనే ఉంటుంది. అలాంటి రోజుల్లో వేపుడు కంటే పప్పు, పులుసు తెచ్చుకుని, దాంతో పాటు ఇంట్లో ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటే లెక్క తప్పదు.

చుట్టూ ఉన్న మనుషుల మాటలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. బరువు తగ్గినవాళ్లను చూసి మన దగ్గర మొదట అడిగేది 'ఏంటి ఇంత చిక్కిపోయావు, షుగర్ వచ్చిందా?' అని. 'బొక్కలు తేలినయ్ బిడ్డా, ఇంకింత బువ్వ తిను' అని అమ్మమ్మ మారు వడ్డిస్తుంది. డైట్‌లో ఉన్నప్పుడు 'డాక్టర్ వద్దన్నారు' అంటే సరిపోయేది. ఇప్పుడా సాకు లేదు, అందరిలాగే తింటున్నారు కాబట్టి వద్దనడం కష్టం. అయితే ప్రేమతో పెట్టే ముద్దను తినేందుకూ ఇప్పుడు వీలుంది. రంజాన్ నెలలో హలీం, ఆషాఢంలో బోనాల విందు, సద్దుల బతుకమ్మ నాటి మలీద, మాఘంలో వరసగా పెళ్లిళ్లు. వీటన్నిటికీ దూరంగా ఉండి నిలబెట్టే బరువు ఏడాది కూడా నిలవదు. హలీం తినే రోజు మధ్యాహ్నం పస్తుండడం మాత్రం మానాలి. పొద్దుటి నుంచి కడుపు మాడ్చుకుని వెళితే ఒక గిన్నెతో ఆగదు. రోజూ తినేది తిని వెళ్లి, ఒక గిన్నె ఇష్టంగా తిని, మర్నాడు మళ్లీ మామూలు కంచం దగ్గర కూర్చోవాలి. శిక్షగా పస్తు వద్దు, పరిహారంగా రెండు గంటల ట్రెడ్‌మిల్లూ వద్దు.

నడక సంగతి వేరు. అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ 1994లో ప్రారంభించిన జాతీయ బరువు నియంత్రణ నమోదులో, 13.6 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్లు పది వేల మందికి పైగా చేరారు. వాళ్లలో 90 శాతం మంది రోజుకు సగటున గంట వ్యాయామం చేస్తారు, చాలావరకు నడకే. నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. వాళ్లు ఇష్టపడి పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు కాబట్టి అందరికీ ఇదే వర్తిస్తుందని అనలేం. కానీ దారి తెలుస్తుంది. పొద్దున్నే కేబీఆర్ పార్కులోనో ఇందిరా పార్కులోనో నడిచేవాళ్లు డైట్ అయిపోగానే నడక మానేస్తే, పైన వేసుకున్న లెక్కంతా తలకిందులవుతుంది. అది నడకతో కలిపి వచ్చిన అంకె.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన దగ్గరా మార్కెట్లోకి వచ్చాయి. మందు ఆపినవాళ్లకూ ఇదే సమస్య ఇంకా తీవ్రంగా ఎదురవుతుంది. ఆ మందుల్లో ఒకటైన సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు ఒక పెద్ద పరీక్ష కొనసాగింపులో తేలింది. ఆపడం, తగ్గించడం డాక్టర్‌తో మాట్లాడే చేయాలి. షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు అన్నం పెంచేముందు కూడా అంతే.

కొన్ని సూచనలు కనిపిస్తే వారాల లెక్క పక్కన పెట్టి వెంటనే తిండి పెంచాలి, డాక్టర్‌ను కలవాలి. నెలసరి ఆగిపోవడం, ఎండాకాలంలోనూ చలిగా ఉండడం, దువ్వెన నిండా జుట్టు రావడం, రాత్రిళ్లు ఆకలితో మెలకువ రావడం. బరువు సరిగ్గా ఉన్నా అద్దంలో లావుగానే కనిపించడం, తిన్నాక వాంతి చేసుకోవాలనిపించడం, ఎవరూ చూడకుండా ఆపుకోలేక తినడం ఉంటే సిగ్గుపడకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. వీటికి మంచి చికిత్స ఉంది. ఇంట్లోవాళ్లు వీటిని 'డైట్ పిచ్చి' అని కొట్టిపారేయకూడదు.

మిగిలినవాళ్లకు మిషన్ పక్కన ఒక పాత క్యాలెండర్ చాలు. రోజూ పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, టీ తాగకముందు బరువు చూసి గడిలో రాసుకోవాలి. ఆదివారం ఏడు అంకెల సగటు తీయాలి. 63 నిలబెట్టాలనుకుంటే 62 నుంచి 65 మధ్య ఎక్కడున్నా బరువు నిలబడినట్టే. వారం సగటు వరసగా మూడు ఆదివారాలు 65 దాటితే సాయంత్రం చాయ్‌లో చక్కెర, కర్రీ పాయింట్ వేపుడు, మానేసిన నడక, వీటిలో ఏది మారిందో వెతికి, రోజుకు 200 కేలరీలు తగ్గించి నెల చూడాలి. వరసగా మూడు ఆదివారాలు 62 కంటే కిందికి పోతే ఇంకో అరకప్పు అన్నం వడ్డించుకోవాలి.